చేపకు పెట్టే దీపాన్ని మన కంటితో కొలిస్తే

ప్రశ్న: నమస్కారం మేడమ్. మాది నెల్లూరు. నాన్నగారి ఉద్యోగం వల్ల చాలా ఏళ్ళుగా చెన్నైలో, పెరంబూరులో ఉంటున్నాం. నేను ఎమ్మెస్సీ జువాలజీ రెండో సంవత్సరం. జీబ్రా చేపలకు ఏ రంగు ఇష్టం, ఏది కాదు అన్నది నా ప్రాజెక్టు. కొళత్తూరులో 24 చేపలు, రిచీ స్ట్రీట్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం, యూవీ (అతినీలలోహిత) ఎల్ఈడీలు కొన్నాను. పొడుగాటి తొట్టెకు ఆ కొసన ఒక రంగు, ఈ కొసన ఒక రంగు వేసి, చేప ఎటువైపు ఎక్కువసేపు ఉంటుందో రాసుకుంటున్నాను. రంగులన్నీ సమానంగా ఉండాలని ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ పెట్టి అన్నిటినీ 100 లక్స్‌కు సెట్ చేశాను. యూవీకి మాత్రం యాప్ 4 దాటలేదు, అందుకని దాన్ని ఫుల్‌లో ఉంచాను. చేపలు నీలానికి దూరంగా పోతున్నాయి. యూవీ వేస్తే అడుగుకు చేరి కదలడం మానేస్తున్నాయి. రెండు చేపలు గోడలకు కొట్టుకున్నాయి. మా సార్ "రిజల్ట్ క్లియర్‌గా ఉంది" అని సంతోషించారు. ల్యాబ్‌లో నా ఫ్రెండ్ "మీన్ దానే, విడు" అంటుంది. చేపలే కదా, వదిలెయ్ అని. నాన్నగారు మాత్రం "చేపల కళ్ళల్లో లైట్లు కొట్టడమేనా నీ చదువు?" అన్నారు. అప్పటినుంచి టెన్షన్‌గా ఉంది. నా లైట్లు సరైనవేనా? చేపలకు హాని చేస్తున్నానా? ప్రాజెక్టు ఆపేయాలా?
ఒక విద్యార్థిని, చెన్నై

జవాబు:

ముందు ఒక పని చేయండి. ఆ యూవీ ఎల్ఈడీ ప్లగ్ తీసేయండి. మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు.

లైట్లు సరైనవేనా అన్నది ఒక ప్రశ్న, హాని చేస్తున్నానా అన్నది వేరే ప్రశ్న అన్నట్టు రాశారు. పాతికేళ్ళు ల్యాబుల్లో దీపాలు బిగించి, విప్పి, సోల్డరింగ్ ఐరన్‌తో వేళ్ళు కాల్చుకున్న మనిషిగా చెబుతున్నాను, నాకు ఆ రెండూ ఒకటే ప్రశ్నగా కనిపిస్తున్నాయి. జరిగిన తప్పు కూడా ఒకటే. అది మీరు లక్స్ యాప్ తెరిచిన నిమిషంలో జరిగింది.

లక్స్ మనిషి కంటి కొలత. వెలుగులో ఎంత శక్తి ఉందో అది చెప్పదు. ఆ వెలుగు మనకు ఎంత ప్రకాశంగా అనిపిస్తుందో చెబుతుంది. ఒక్కో రంగుకు ఒక్కో తరంగదైర్ఘ్యం ఉంటుంది, దాన్ని నానోమీటర్లలో చెబుతారు. పగటి వెలుతురులో మన కన్ను 555 నానోమీటర్ల దగ్గర, అంటే పచ్చ-పసుపు మధ్య, అన్నిటికంటే చురుకుగా ఉంటుంది. అక్కడ ఒక వాట్ వెలుగు 683 ల్యూమెన్లు (ల్యూమెన్ అంటే మన కంటికి తెలిసే వెలుగు లెక్క). అక్కడినుంచి నీలం వైపు పోయినా ఎరుపు వైపు పోయినా ఆ చురుకు తగ్గిపోతుంది. మీటరు ఆ తగ్గుదలనంతా లెక్కలో కలిపేసుకుని అంకె చూపిస్తుంది. మన ఇంట్లో ట్యూబ్‌లైట్ చాలుతుందా లేదా చూడటానికి అది బంగారం లాంటి పరికరం. చేప దగ్గర మాత్రం, మన కాలి కొలత ఇచ్చి పక్కింటివాళ్ళకు చెప్పులు కుట్టించినట్టే.

మీ లైట్లనే తీసుకుని కాగితం మీద లెక్క వేద్దాం. మామూలుగా దొరికే నీలం ఎల్ఈడీ 470 నానోమీటర్ల దగ్గర, ఆకుపచ్చ 525 దగ్గర, ఎరుపు 625 దగ్గర ఉంటుంది. 555 దగ్గర మన కంటి చురుకును 1 అనుకుంటే, 525 దగ్గర అది సుమారు 0.79, 625 దగ్గర 0.32, 470 దగ్గర 0.09. అంటే 470లోనూ 525లోనూ యాప్ 100 చూపించాలంటే నీలానికి ఆకుపచ్చ కంటే దాదాపు తొమ్మిది రెట్లు ఎక్కువ శక్తి పోయాలి. కంటి కణాలు పట్టుకునేది ఫోటాన్లను, అంటే వెలుగు రేణువులను, కాబట్టి వాటిలో లెక్కిస్తే దాదాపు ఎనిమిది రెట్లు వస్తుంది. ఎరుపుకు మూడు రెట్లు. మీరు సమానం అనుకున్న మూడు రంగుల్లో ఒకటి చిన్న దీపం, ఒకటి మూడు దీపాలు, ఒకటి ఎనిమిది దీపాలు.

ఇప్పుడు చెప్పండి, చేప నీలం నుంచి పారిపోయిందా, ఎనిమిది దీపాల నుంచి పారిపోయిందా? పెద్ద జీబ్రా చేపను సగం నలుపు, సగం తెలుపు తొట్టెలో వదిలితే మామూలుగా నలుపు వైపే చేరుతుంది. వెలుగు ఎక్కువున్న వైపును వదలడం దాని సహజ గుణం. రంగు సంగతి మీ డేటాలో ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. ఈ చేపల రంగుల ఇష్టాల మీద అచ్చయిన పరిశోధనలే ఒకదానితో ఒకటి పొసగవు. నీలం ఇష్టమని ఒకరు రాస్తే, నీలానికి దూరంగా పోతుందని ఇంకొకరు రాశారు. ఆ గొడవకు దీపాల తేడా కూడా ఒక కారణమని నా గట్టి నమ్మకం.

యూవీ దగ్గర ఈ పొరపాటు ఇంకా పెద్దది. 400 నానోమీటర్లకు కిందికి పోతే మన కంటి చురుకు 555 దగ్గర ఉన్నదానిలో రెండు వేలవ వంతు కూడా ఉండదు. ఫోన్ సెన్సార్‌ను మన కంటిలాగే తయారు చేస్తారు కాబట్టి అది కూడా యూవీని చూడదు. యాప్ 4 దగ్గర ఆగింది, మీరు నాబ్ చివరిదాకా తిప్పారు. చెవిటివాడికి వినిపించడం లేదని మైకు సౌండ్ పెంచుతూ పోతే పక్కనున్నవాళ్ళ చెవులు పోతాయి. ఇక్కడ ఆ పక్కనున్నవాళ్ళు చేపలు. జీబ్రా చేపకు యూవీ మామూలు రంగు. దాన్ని పట్టుకునే కోన్ కణాలు (రంగును గుర్తించే కంటి కణాలు) దాని కంట్లో ప్రత్యేకంగా ఉన్నాయి. మన కంటి లెన్స్ యూవీని చాలావరకు ఆపేసి రెటీనాను కాపాడుతుంది. యూవీ చూసే జంతువుల లెన్స్ దాన్ని లోపలికి పోనిస్తుంది, లేకపోతే అవి చూడలేవు కదా. కాబట్టి మీ చేపలు అడుగుకు పోయి బిగుసుకుపోవడం, గోడలకు కొట్టుకోవడం రంగు ఇష్టం లేకపోవడం కింద రాసుకునే సంగతి కాదు. అవి తప్పించుకోవాలని చూశాయి, తొట్టెలో దారి లేదు. మీ టెన్షన్ నాకు అర్థమైంది.

మీ కళ్ళ మాట కూడా. యూవీ ఎల్ఈడీ మనకు మసకగా కనిపిస్తుంది కాబట్టి కంటిపాప ముడుచుకోదు, చూపు తిప్పుకోవాలనిపించదు. పాలీకార్బొనేట్ సేఫ్టీ కళ్ళజోడు పెట్టుకోకుండా దాని దగ్గర పని చేయకండి. ఎల్ఈడీల వల్ల కంటికి వచ్చే ప్రమాదాలకు ఐఈసీ 62471 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది, మంచి కంపెనీల డేటాషీట్లలో ఆ రిస్క్ గ్రూప్ రాసి ఉంటుంది.

సరే, ఏ దీపాలు కొనాలి? చేప కంటినుంచి మొదలుపెట్టండి. మనకు మూడు రకాల కోన్ కణాలుంటే జీబ్రా చేపకు నాలుగు. అవి ఎక్కువగా స్పందించేది సుమారు 362, 415, 480, 570 నానోమీటర్ల దగ్గర. ఇప్పుడు మీ ఎరుపు-ఆకుపచ్చ-నీలం స్ట్రిప్‌ను దీని పక్కన పెట్టి చూడండి. ఆ మూడు రంగులు మన మూడు కోన్‌ల కోసం, మన టీవీల కోసం ఎంచుకున్నవి. మీ 470 చేప 480 కణాల దగ్గర పడింది, బాగానే ఉంది. 525 అటు 480కి, ఇటు 570కి మధ్య వేలాడుతోంది, రెండిటినీ కదిలిస్తుంది. 625 చివరి కణాల అంచును తాకుతుంది. 415 కణాలకు మీరు ఏమీ ఇవ్వలేదు.

యూవీ సంగతి వేరు. రిచీ స్ట్రీట్‌లో యూవీ అని అడిగితే చిన్న కవర్లో వేసి ఇచ్చేది చాలాసార్లు 395 నుంచి 405 వరకు ఉండే ఊదారంగు ఎల్ఈడీ. నేనూ మోసపోయాను. "యూవీ దాన్ మా" (యూవీయే అమ్మా) అని కుర్రాడు నా చున్నీ అంచు మీద వెలిగించి చూపించాడు, అది నీలంగా మెరిసింది, నేను డబ్బులిచ్చాను. డిటర్జెంట్‌లో ఉండే తెల్లదనం పెంచే పదార్థం 395కీ మెరుస్తుంది, 365కీ మెరుస్తుంది. ఆ పరీక్ష దేనికీ పనికిరాదు. తేడా కంటికి ఇలా తెలుస్తుంది: 395ది చూస్తే చక్కటి వంకాయరంగు, వెలుగు కూడా బాగా కనిపిస్తుంది. నిజమైన 365ది బూడిదలాంటి పాలిపోయిన తెలుపులో, ఏదో పాడైన బల్బులా కనిపిస్తుంది. (కళ్ళజోడు పెట్టుకుని, ఎదురుగా ఉన్న గోడ మీద చూడండి, నేరుగా ఎల్ఈడీలోకి వద్దు.) మీది ఊదారంగుదైతే అది 362 కణాలకూ 415 కణాలకూ మధ్యలో కూర్చుని ఇద్దరినీ తట్టి లేపుతోంది. దానికి వచ్చిన స్పందనను యూవీ స్పందన అని థీసిస్‌లో రాయలేరు.

కాబట్టి నాలుగు తీసుకోండి: 365, 415కి దగ్గరది, 470 లేదా 480, ఆ తర్వాత 570 ప్రాంతంలో ఒకటి. ఈ చివరిదానితో కాస్త తంటా ఉంది. ఎల్ఈడీ పదార్థాలు 550 నుంచి 580 మధ్య బలహీనంగా వెలుగుతాయి, ఈ రంగంవాళ్ళు దాన్ని గ్రీన్ గ్యాప్ అంటారు. 590 యాంబర్ తేలిగ్గా దొరుకుతుంది, దాంతో సర్దుకోవచ్చు. తెల్ల ఎల్ఈడీ మాత్రం వద్దు. అది 450 దగ్గరున్న నీలం ఎల్ఈడీ మీద పసుపు పూత పూసినది. మనకు తెలుపు, చేపకు రెండు కోన్‌లు దాదాపు ఆరిపోయిన వెలుగు.

డేటాషీట్ చదివేటప్పుడు ఒక చోట చాలామంది జారిపడతారు. డామినెంట్ వేవ్‌లెంగ్త్ అని ఒక అంకె, పీక్ వేవ్‌లెంగ్త్ అని ఇంకో అంకె ఉంటాయి. మొదటిది మనిషికి ఏ రంగులా అనిపిస్తుందో చెబుతుంది. మళ్ళీ మన కన్నే వచ్చి కూర్చుంది చూశారా. మీకు కావాల్సింది పీక్. ఆకుపచ్చ ఎల్ఈడీల్లో ఈ రెండిటికీ మధ్య కొన్ని నానోమీటర్ల తేడా ఉంటుంది. ఒకే రకమని అమ్మే ఎల్ఈడీల్లో కూడా ఒకదానికొకటి కాస్త తేడా వస్తుంది, అందుకే ఒక రంగువన్నీ ఒకే రీల్‌నుంచి అడిగి తీసుకోండి.

కొలవడానికి ఏం చేయాలి? స్పెక్ట్రోమీటర్ (ఏ తరంగదైర్ఘ్యంలో ఎంత వెలుగుందో కొలిచే పరికరం) కొనలేరు. మీ కాలేజీ ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో ఒకటి దుమ్ము పట్టి ఉంటుంది, అక్కడి ల్యాబ్ అటెండర్‌ను మంచి చేసుకోండి, మధ్యాహ్నం పూట రెండు గంటలు అడగండి. చేప ఉండే చోట, నీళ్ళ లోపల కన్ను ఎక్కడుంటుందో అక్కడికి ఎంత వెలుగు వస్తుందో కొలవాలి. ఎల్ఈడీ దగ్గర కొలిస్తే లాభం లేదు. వచ్చిన మైక్రోవాట్లను ఫోటాన్లలోకి మార్చుకోండి. ఒకే మైక్రోవాట్‌కు 625లో 365 కంటే 1.7 రెట్లు ఎక్కువ ఫోటాన్లు వస్తాయి, ఈ మెట్టు వదిలేయకూడదు. చివరికి నాలుగు రంగులూ సెకనుకు ఒక చదరపు సెంటీమీటరు మీద ఇన్ని ఫోటాన్లు అన్న ఒకే లెక్కలోకి వస్తాయి. థీసిస్‌లో ఆ అంకె రాయండి. లక్స్ రాస్తే ఇంకో ఊళ్ళో ఇంకొకరు మీ ప్రయోగాన్ని మళ్ళీ చేయలేరు. చేయలేకపోతే వాళ్ళు కొత్తగా ఇంకో 24 చేపలతో మొదలుపెడతారు. హాని అంటే నా దృష్టిలో ఇది కూడా లెక్కకు వస్తుంది.

తొట్టె సంగతి అడగలేదు కానీ చెప్పాలి. ల్యాబుల్లో వాడే పాలీకార్బొనేట్ తొట్టెలు యూవీని ఆపేస్తాయి. మామూలు అక్రిలిక్ షీట్లలో చాలావాటికి కూడా యూవీని మింగే పదార్థం కలుపుతారు. మామూలు గాజు 365ను బాగానే పోనిస్తుంది. మీ తొట్టె గాజుదై ఉండాలి, అందుకే చేపలు అంత బెదిరాయి. పాలీకార్బొనేట్‌ది అయితే ఇంకో విచిత్రం: యూవీలో చాలా భాగం లోపలికి పోనే లేదు, చేపలు బెదిరింది దాని పక్కనే వచ్చే ఊదారంగు వెలుగుకు. రెండిట్లో ఏదో కొలిస్తే తెలుస్తుంది. వెలుగు ఒక చుక్కలా గుచ్చుకోకుండా పరుచుకోవాలంటే డిఫ్యూజర్ కావాలి. పాలలాంటి తెల్ల అక్రిలిక్ కూడా యూవీని మింగేస్తుంది. ప్లంబర్లు పైపు మరలకు చుట్టే తెల్ల టెఫ్లాన్ టేపు ఉంటుంది కదా, దాన్ని గాజు ముక్క మీద పొరలుగా పరిచి చూడండి, యూవీనీ మిగతా రంగులనూ చక్కగా చెదరగొడుతుంది. నేను చేసిన చవక పనుల్లో నాకు బాగా నచ్చిన పని అది.

వెలుగు తగ్గించడానికి ఆర్డునో అనే చిన్న కంట్రోల్ బోర్డు వాడుతున్నారనుకుంటాను, ఈ రోజుల్లో అందరూ అదే. దాని పీడబ్ల్యూఎం (వేగంగా వెలిగించి ఆర్పుతూ వెలుగు తగ్గించే పద్ధతి) చాలా పిన్నుల మీద సెకనుకు 490 సార్లు వెలిగి ఆరుతుంది. చేపకు అది తెలియదు. మీ కెమెరాకు తెలుస్తుంది, వీడియోలో చారలు పడతాయి. రేపెప్పుడైనా తేనెటీగలకో ఈగలకో మారితే మాత్రం జాగ్రత్త, వాటి కన్ను సెకనుకు 200 పైచిలుకు రెపరెపలను కూడా విడదీయగలదు. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద నడిచే చవక బల్బు సెకనుకు 100 సార్లు రెపరెపలాడుతుంది. మనకు నిశ్చలంగా కనిపించేది వాటికి పెళ్ళి పందిట్లో తిరిగే లైటు. చీకట్లో వీడియో తీయాలంటే ఇన్‌ఫ్రారెడ్‌లో 940 తీసుకోండి. 850ది మనకే ఎర్రగా కాస్త కనిపిస్తుంది.

వేడి కూడా చూసుకోండి. జీబ్రా చేపల నీళ్ళు 28.5 డిగ్రీల దగ్గర ఉంచుతారు. చెన్నైలో మే నెలలో ఏసీ లేని గదిలో హై పవర్ ఎల్ఈడీ తొట్టెకు ఆనించి పెడితే ఆ కొసన నీళ్ళు వేడెక్కుతాయి, చేప వేడినుంచి పోయిందో రంగునుంచి పోయిందో మళ్ళీ తెలియదు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నేను పని చేసిన ఒక ల్యాబ్‌లో చేపల గది లైట్లకు గుండ్రంగా తిరిగే పాత టైమర్ పెట్టాను. 14 గంటలు వెలుగు, 10 గంటలు చీకటి. జీబ్రా చేపలు లైటు వెలగగానే, తెల్లవారిందనుకుని, గుడ్లు పెడతాయి. ఒక వేసవిలో పొద్దున తొమ్మిదికి వెళ్ళి ట్రేలు తీస్తే గుడ్లు లేవు. మర్నాడూ లేవు. చేపలకు జబ్బు చేసిందని నీళ్ళు మార్చాం, మేత మార్చాం, ఒకరినొకరు తిట్టుకున్నాం. ఒకరోజు మధ్యాహ్నం పన్నెండింటికి పనిమీద లోపలికి వెళ్తే ట్రే నిండా గుడ్లు. కరెంటు పోయినప్పుడల్లా ఆ టైమర్ ఆగిపోయి, వచ్చాక ఆగిన చోటినుంచే నడుస్తోంది. కోతలు కలిసి మూడు గంటల పైన వెనకబడింది. మా చేపలకు తెల్లవారేది పదకొండు దాటాక. వారాల తరబడి మేం వాటికి నడిరాత్రి అనిపించే వేళ తలుపు తీసి, టార్చి వేసి, వల ముంచి పట్టి ప్రయోగాలు చేశాం. ఆ డేటా పారేశాం. చేపలు పడ్డ అవస్థ మాత్రం పోయింది కాదు. అప్పటినుంచి బ్యాటరీ ఉన్న గడియారం చిప్ పెట్టని టైమర్ నేను వాడలేదు. మీ గదిలో ఏముందో రేపు చూడండి.

రంగుకూ వెలుగుకూ మధ్య చిక్కు విడదీసే ఉపాయం వందేళ్ళకు పైగా ఉంది. చేపలు, తేనెటీగలు రంగు చూడలేవని జర్మనీలో కార్ల్ ఫాన్ హెస్ అనే పెద్ద కంటి వైద్యుడు వాదించేవాడు. అవి చూసేది వెలుగు తేడా మాత్రమేనని ఆయన మాట. కార్ల్ ఫాన్ ఫ్రిష్ అనే కుర్ర శాస్త్రవేత్త ఒప్పుకోలేదు. నీలం అట్ట మీద తీపి నీళ్ళకు తేనెటీగలను అలవాటు చేసి, తర్వాత ఆ నీలం అట్టను రకరకాల బూడిదరంగు అట్టల మధ్య పెట్టాడు. వెలుగును బట్టే వెతుకుతుంటే ఏదో ఒక బూడిద అట్ట దగ్గర మోసపోవాలి. అవి మోసపోలేదు. 1914లో అచ్చయిన పని అది. 1973లో ఆయన నోబెల్ అందుకునేదాకా ఆ తేనెటీగలు ఆయనను వదల్లేదు. మీరు చేయాల్సిందీ అదే. నీలాన్ని ఒకే వెలుగులో ఉంచకుండా బాగా మసకనుంచి కాస్త ప్రకాశం దాకా ఐదారు మెట్లలో పెట్టి, ఆకుపచ్చను కూడా అలాగే పెట్టి, జతలు మార్చి మార్చి చూడండి. అన్ని మెట్లలోనూ చేప నీలాన్నే వదులుతుంటే అప్పుడు రంగు అనండి.

ఇక మీ నాన్నగారి ప్రశ్న. దాన్ని విసుగు కింద తీసుకోకండి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో జంతువు అంటే మనిషి తప్ప ప్రాణమున్న ఏదైనా అని రాసి ఉంది. చేప అందులోనే ఉంది. ఈ చట్టం వెనక మీ చెన్నై మనిషే ఉంది. అడయార్‌లో కళాక్షేత్ర పెట్టిన రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభ సభ్యురాలిగా ఇలాంటి బిల్లును సభ ముందు పెట్టింది, ఆ తర్వాతే ప్రభుత్వం ఈ చట్టం తెచ్చింది. దాని కింద ప్రయోగాలను చూసుకునే కేంద్ర కమిటీని మనం సీపీసీఎస్‌ఈఏ అని పిలిచేవాళ్ళం, ఇప్పుడు సీసీఎస్‌ఈఏ అంటున్నారు. ప్రయోగాలు చేసే సంస్థ అక్కడ నమోదు కావాలి, లోపల ఐఏఈసీ అనే ఎథిక్స్ కమిటీ ఉండాలి, ఆ కమిటీ ఒప్పుకున్నాకే చేపను తొట్టెలో వేయాలి. మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. రేపు సార్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. మీ కాలేజీకి కమిటీ లేకపోతే, ఉన్న సంస్థతో కలిసి చేయాలి.

ఆ కమిటీలో పశువైద్యుడు, వేరే శాఖల సైంటిస్టులు, బయటి సైంటిస్టు ఉంటారు. శాస్త్రవేత్త కాని సభ్యుడు కూడా ఒకరు ఉండాలని నియమం. ఎందుకంటే మన పరిభాషలో మనం మునిగిపోయాక "ఇది ఎందుకు?" అని మామూలు మాటల్లో అడిగేవాడు ఒకడు కావాలి. మీ ఇంట్లో ఆ కుర్చీలో నాన్నగారు కూర్చున్నారు, అంతే. ఆయనకు మీరు జవాబు చెప్పగలిగితే కమిటీకి చెప్పగలరు. ఇప్పుడున్న ప్రయోగానికి ఆయనకు జవాబు లేదు, ఎందుకంటే ఆ ప్రయోగం దేన్నీ తేల్చలేదు. చేప కాస్త ఇబ్బంది పడినా ఒక కొత్త సంగతి తెలిస్తే దాని గురించి వాదించుకోవచ్చు. ఇబ్బందీ పడి, తెలిసిందీ ఏమీ లేకపోతే వాదనే లేదు.

రసెల్, బర్చ్ అనే ఇద్దరు 1959లో చెప్పిన మూడు సూత్రాలు మీకు క్లాసులో చెప్పే ఉంటారు: జంతువు బదులు ఇంకేదైనా వాడగలమా, తక్కువ జంతువులతో సరిపెట్టగలమా, బాధ తగ్గించగలమా. పరీక్షకు రాసే మాటల్లా ఉంటాయి కానీ మీ తొట్టె దగ్గర వాటికి పని ఉంది. రంగులు చూసే శక్తి మీదే మీ ఆసక్తి అయితే వారం రోజుల చేపపిల్లలు కదిలే చారల వెంట ఈదుతాయి. వాటికి శిక్షణ అక్కర్లేదు, భయపెట్టక్కర్లేదు, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. పిల్లల ఒళ్ళు గాజులా ఉంటుందని, మెదడు లోపలి కణాలు కూడా వెలుగును పట్టుకుంటాయని గుర్తుంచుకోండి. కన్ను కప్పినంత మాత్రాన వాటికి చీకటి కాదు. పెద్ద చేపలతోనే చేయాలంటే లైటును ఒక్కసారి వేయకండి, రెండు మూడు నిమిషాలు మెల్లగా పెరిగేట్టు ప్రోగ్రాం రాయండి. తొట్టె మధ్యలో నీడ ఉన్న చోటు ఒకటి వదలండి, రెండు రంగులూ నచ్చని చేప అక్కడికి పోతుంది. అలా పోయిన సమయం కూడా డేటానే. ఎప్పుడు ఆపాలో ముందే కాగితం మీద రాసుకోండి: గోడకు కొట్టుకుంటే, అడుగున ఇంతసేపు కదలకపోతే, పైకి వచ్చి నోరు తెరిచి ఊపిరికి తన్నుకుంటే ఆ చేపకు ఆ రోజుకు సెలవు.

మీ ఫ్రెండ్ ఇంకో మాట కూడా అనొచ్చు, నేను చాలాచోట్ల విన్నాను. జీబ్రా చేప రెటీనా దెబ్బతింటే మళ్ళీ పెరుగుతుంది కదా అని. నిజమే. ఆ పెరుగుదలను చదవడానికే తీవ్రమైన వెలుగుతో కావాలని కణాలను చంపే ప్రయోగాలున్నాయి, వాటికి విడిగా అనుమతి తీసుకుంటారు. అంటే ఎక్కువ వెలుగు ఈ చేప కంటిని నిజంగానే కాలుస్తుందని ఆ ప్రయోగాలే సాక్ష్యం. గాయం మానుతుంది కదా అని ఎవరూ వేలు కోసుకోరు.

ఇప్పుడున్న 24 చేపల గురించి. దుకాణం చేపలకు వయసు తెలియదు, ఏ రంగు లైటు కింద ఎన్నాళ్ళు పెరిగాయో తెలియదు. కొళత్తూరులో తొట్టెలు అందంగా కనిపించాలని నీలం లైట్లు పెట్టే షాపులు చాలా ఉన్నాయి. పరిశోధనకు చేపలు ఎక్కడివో రికార్డు ఉండాలని కమిటీ కూడా అడుగుతుంది. వీటిని తిరిగి షాపుకు ఇవ్వకండి, చెరువులోనో కూవం నదిలోనో అసలే వదలకండి. మంచి తొట్టెలో, మామూలు పగలు-రాత్రి వెలుతురులో పెంచుకోండి. గోడకు కొట్టుకున్న ఆ రెండింటినీ కొన్ని రోజులు విడిగా ఉంచి, మేత తింటున్నాయో లేదో చూడండి.

సార్‌తో ఎలా చెప్పాలని మీ అసలు భయం అనుకుంటాను, ఉత్తరంలో రాయలేదు కానీ. "సార్, రిజల్ట్ తప్పు" అని మొదలుపెట్టకండి. పైన వేసిన లెక్క ఒక కాగితం మీద వేసి, "లక్స్ సమానం చేస్తే నీలం ఎనిమిది రెట్లు వస్తోంది సార్, ఎగ్జామినర్ అడిగితే ఏం చెప్పాలి?" అని అడగండి. ఎగ్జామినర్ పేరు చెబితే వినని గైడ్‌ను నేను ఇంతవరకు చూడలేదు.

ప్రాజెక్టు ఆపేయాలా అన్నారు. అక్కర్లేదు. కమిటీ కాగితం వచ్చేదాకా చేపను మాత్రం ముట్టుకోకండి. ఈలోపు చేయడానికి బోలెడు పని ఉంది. తొట్టెలో నీళ్ళు పోయండి, చేపలు వద్దు. కాగితం మీద గళ్ళు గీసి తొట్టె కింద పెట్టండి, ప్రతి గడిలో, మూడు లోతుల్లో, నాలుగు రంగులకూ రీడింగ్ తీయండి. ఒక కొసనుంచి వేసిన వెలుగు రెండో కొసకు ఎంత పాకుతోందో అప్పుడు తెలుస్తుంది. అది తెలిశాక నీడ ఎక్కడ పెట్టాలో కూడా మీకే తెలుస్తుంది.